చెరువు పక్కన పర్యావరణ విద్యా కేంద్రం: ప్లాన్ గీయకముందే చూసుకోవాల్సినవి

నమస్తే అండి. మీరు అడిగింది ఇది: సంగారెడ్డి వైపు పక్షుల కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించిన చెరువు ఒకటి ఉంది. దాని పక్కన పర్యావరణ విద్యా కేంద్రం పెట్టడానికి ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు) కింద డబ్బు ఇస్తానంది. ఎకరం స్థలం చూపించారు. ఆర్కిటెక్టు రెండంతస్తుల భవనం, ఆడిటోరియం, అక్వేరియం, చెరువు వైపు నిలువెత్తు అద్దాల గ్యాలరీ గీసిచ్చారు. ఈ ప్లాన్ సరైనదేనా, ఇంకా ఏమేం ఉండాలి, పిల్లల్ని ఎలా తేవాలి, బైనాక్యులర్లు ఎన్ని కొనాలి అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా హైదరాబాద్ చుట్టుపక్కల బడిపిల్లల్ని చెరువుల దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇలాంటి కేంద్రాలు మూడింటికి ప్లాన్ వేసేటప్పుడు కూర్చున్నాను. ఒకటి బాగా నడుస్తోంది, ఒకటి అంతంతమాత్రం, ఒకటి తాళం వేసి ఉంది. తాళం పడ్డదాని ప్లాన్ అచ్చం మీరు పెట్టిన ప్లాన్ లాగే ఉండేది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నా సలహా ముందే చెప్పేస్తాను. భవనాన్ని పావువంతుకు తగ్గించండి. మిగిలిన డబ్బులో ముగ్గురు మనుషులకు మూడేళ్ల జీతం ముందుగా పక్కన పెట్టండి. ఆ తర్వాతే మిగతావి.

ఆ తాళం పడ్డ కేంద్రం సంగతి చెప్తాను. నీటి అంచుకు ఇరవై ముప్పై అడుగుల దూరంలో హాలు కట్టారు. చెరువు వైపు అంతా అద్దం. తెరిచిన మొదటి వారంలోనే ఒక లకుముకి పిట్ట అద్దానికి కొట్టుకుని పడిపోయింది. అద్దంలో ఆకాశం కనిపిస్తుంది, ఎదురుగా ఉన్న తుమ్మచెట్టు కనిపిస్తుంది. పిట్టకు అది ఖాళీ దారే. తర్వాత అద్దాలకు స్టిక్కర్లు అంటించారు గానీ నాలుగంటే నాలుగు, అంతంత దూరంలో. వాటి సందుల్లోంచి దూరబోయి పిట్టలు మళ్లీ కొట్టుకున్నాయి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. హాలు కట్టిన మూలే చిలువ బాతులు పగలంతా విశ్రాంతి తీసుకునే చోటు. జనరేటరు చప్పుడుకు, మనుషుల రాకపోకలకు అవి అవతలి ఒడ్డుకు వెళ్లిపోయాయి. పిల్లలు గ్యాలరీలో నిలబడి అద్దంలోంచి ఖాళీ నీళ్లు చూసేవాళ్లు. ఏడాదిన్నరకు అక్వేరియం మోటారు పాడై చేపలు పోయాయి. ప్రొజెక్టరుకు బూజు పట్టింది. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు. ఒకరోజు వెళ్తే గేటుకు తాళం ఉంది. ఆ ప్లాన్ మీటింగులో నేనూ ఉన్నాను, అద్దం గురించి గట్టిగా అడ్డం చెప్పలేదు. ఆ పిట్ట ఇప్పటికీ నాకు కళ్లలో మెదులుతుంది.

ఇక మీ చెరువు. ముందు హద్దుల సంగతి తేల్చుకోండి. నిండుకుండ మట్టం, అంటే ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో నీటిపారుదల శాఖ మ్యాపు తీసుకుని, వాళ్ల మనిషిని వెంటబెట్టుకుని నేల మీద చూడండి. మన దగ్గర భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు కుంటలకు 9 మీటర్లు బఫర్ జోన్. అందులో కట్టడం కుదరదు. 2017లో కేంద్రం తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు ఇంకా గట్టివి. గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల పడవలరేవు తప్ప శాశ్వత కట్టడం ఏదీ ఉండకూడదు. కాకపోతే ఆ నిబంధనల్లో ఒక మెలిక ఉంది. సాగునీటి కోసమే తవ్విన చెరువులు, తాగునీటి కోసమే కట్టిన జలాశయాలు ఆ నిర్వచనంలోకి రావు. హైదరాబాద్ చుట్టూ ఉన్నవాటిలో ఎక్కువ భాగం సాగు కోసం తవ్వినవే కాబట్టి ఈ మెలికను పట్టుకుని కొందరు కన్సల్టెంట్లు "మనకు వర్తించదు, కట్టేద్దాం" అంటారు. వాళ్ల మాట వినొద్దు. అదే 2017లో సుప్రీంకోర్టు, ఇస్రో తయారుచేసిన చిత్తడి నేలల అట్లాసులో 2.25 హెక్టార్లకు మించి ఉన్న 2,01,503 చిత్తడి నేలలను కాపాడాలని ఆదేశించింది. మీ చెరువుకు విడిగా రక్షణ ప్రకటన కూడా ఉంది కాబట్టి ఆ నోటిఫికేషన్ కాపీ సంపాదించి అక్షరం అక్షరం చదవండి.

ఆ ప్రకటన ఏ చట్టం కింద వచ్చిందన్నదాన్ని బట్టి మీరు ఎవరి దగ్గరికి వెళ్లాలో మారుతుంది. మంజీరా లాంటి అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి చట్టం. అడవి శాఖ వార్డెన్ అనుమతి లేకుండా ఇటుక కూడా పెట్టలేరు. అక్కడ మొసళ్లు ఉన్నాయి కాబట్టి నీటి అంచుకు పిల్లల్ని తీసుకెళ్లే పద్ధతే వేరు. అమీన్‌పూర్ పెద్ద చెరువు లాంటిదైతే 2002 జీవవైవిధ్య చట్టం. దాన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి చెరువు అదే. అలాంటిచోట రాష్ట్ర జీవవైవిధ్య మండలితో పాటు స్థానిక జీవవైవిధ్య యాజమాన్య కమిటీతోనూ కూర్చోవాలి. నా అనుభవంలో ఈ కమిటీ సంతకం ఆఖర్న పెట్టించుకునే కాగితంలా చూస్తారు. మీరు మొదటి రోజే వాళ్లను పిలవండి. ఎందుకో కింద చెప్తాను.

హద్దులు తేలాక ఆర్కిటెక్టును పంపకండి, మీరే వెళ్లండి. పొద్దున ఆరున్నరకు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చెరువు చుట్టూ నడవండి. వానాకాలంలో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. ఒక ఏడాది పోతుంది అంటారు. పోనివ్వండి. ఈ ఏడాదిలో మీరు చూసేవాటిలో మొదటిది ఎండ. బడిపిల్లలు వచ్చేది పొద్దున ఎనిమిది నుంచి పదకొండు మధ్య. ఆ వేళ సూర్యుడు తూర్పున ఉంటాడు. మీరు చూసేచోటు పడమటి ఒడ్డున ఉంటే పిల్లలు ఎండకు ఎదురుగా చూడాలి, నీటి మీద మెరుపు తప్ప ఏమీ కనిపించదు, పక్షులన్నీ నల్లటి బొమ్మల్లా ఉంటాయి. తూర్పు ఒడ్డున నిలబడి పడమరకు చూస్తే ఎండ వీపు మీద పడుతుంది, ఎర్రకాళ్ల కొంగ (పెయింటెడ్ స్టార్క్) తోక దగ్గరి గులాబీ రంగు ఈకలు కూడా లెక్కపెట్టొచ్చు. మీకు చూపించిన ఎకరం ఏ ఒడ్డున ఉందో మీరు రాయలేదు. అది చూసుకోండి.

రెండోది కట్ట. చెరువు కట్ట మీద నడిచే మనిషి ఆకాశానికి అడ్డంగా, చేతులూపుతూ కదిలే పెద్ద ఆకారంలా కనిపిస్తాడు. రెండు వందల గజాల దూరంలోని బాతులు కూడా లేచిపోతాయి. అందుకే దారి కట్ట మీద వేయకండి. ఆయకట్టు వైపు, కట్ట దిగువన నడిపించండి. చూడాల్సిన చోట మాత్రం పైకి మెట్లో ర్యాంపో పెట్టి, పైన చాటుగా కూర్చునే మాటు కట్టండి. కట్టను తవ్వే పని మాత్రం ఒక్క గడ్డపార కూడా నీటిపారుదల ఇంజనీరును అడగకుండా వద్దు. కట్ట మీద చెట్లు నాటుతామని వచ్చే వలంటీర్లను కూడా ఆపండి. వేళ్లు లోపలికి పోయి, అవి కుళ్లాక ఆ కన్నాల గుండా నీళ్లు కారి కట్టకే ముప్పు వస్తుంది.

మాటు అన్నాను కదా, పక్షులకు మనం కనపడకుండా కూర్చునే గుడిసె. దీనికి లక్షలు అక్కర్లేదు. వెదురు తడికలు, పైన తాటాకో గడ్డో, లోపల మట్టినేల, గోడ పొడుగునా ఒక బల్ల. చూడ్డానికి సందులు రెండు వరుసల్లో పెట్టండి: ఒకటి మూడున్నర అడుగుల ఎత్తులో, ఒకటి నాలుగున్నర అడుగుల ఎత్తులో. కింది వరుస చిన్నపిల్లలకు, చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలకు. చాలా మాటుల్లో సందులన్నీ పెద్దవాళ్ల కంటి ఎత్తులో ఉంటాయి, పిల్లలు బల్ల ఎక్కి తొక్కులాడుకుంటారు, చప్పుడుకు అన్నీ ఎగిరిపోతాయి. లోపలికి వచ్చే దారికి రెండువైపులా కూడా తడిక ఉండాలి. తలుపు వెనకవైపు. గోడలకు ముదురు రంగు. ఒక్కో మాటులో పదిమంది మించకూడదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది: బురద. కేంద్రం కడుతున్నామంటే మొట్టమొదట జరిగేది ఒడ్డు "బాగుచేయడం". జేసీబీ వస్తుంది, ఒడ్డు పొడుగునా లోతుగా తవ్వుతుంది, వాలుగా రాళ్లు పేరుస్తారు, పైన పేవర్ బ్లాకులు, రెయిలింగు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. ఆ ఒక్క పనితో చెరువులోని పక్షుల్లో చాలావాటికి కూడు పోతుంది. ఎందుకంటే ఒక్కో పక్షి కాలి పొడుగు, ముక్కు పొడుగు ఒక్కో లోతుకు సరిపోతాయి. ఉల్లంకి పిట్టలకు (శాండ్‌పైపర్లు) తడి బురద కావాలి, నీళ్లు వేలెడు కూడా అక్కర్లేదు. తెల్లకొంగకు జానెడు. ఎర్రకాళ్ల కొంగకు దాని మోకాలి లోతు. అది సగం తెరిచిన ముక్కును నీళ్లలో అటూ ఇటూ తిప్పుతుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది. కళ్లతో కాదు, స్పర్శతో పట్టుకుంటుంది, అందుకే మురికి నీళ్లలోనూ వేటాడగలదు గానీ లోతు నీళ్లలో వేటాడలేదు. రాజహంస (ఫ్లమింగో) తల కిందులుగా పెట్టి నీటిని వడగడుతుంది. నీటికాకి, గూడబాతు (పెలికాన్) లోతు నీళ్లలోనూ వేటాడగలవు. వాలుగా, మెల్లగా లోతయ్యే ఒడ్డు ఉంటే ఇవన్నీ ఒకే చోట, ఒకదాని వెనక ఒకటి వరుసలు కట్టి కనిపిస్తాయి. నిలువుగా కోసిన ఒడ్డున నీటికాకులు మిగులుతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. పాతరోజుల్లో చెరువు వానాకాలంలో నిండి, రబీకి తూము తెరిచాక మెల్లగా వెనక్కి పోయేది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రోజుకింత కొత్త బురద బయటపడేది. వలస వచ్చిన పిట్టలకు అదే వడ్డించిన విస్తరి. ఇప్పుడు చాలా చెరువుల్లోకి ఏడాది పొడుగునా మురుగు వచ్చి చేరుతోంది, ఎండాకాలంలోనూ నిండుగానే ఉంటున్నాయి. "నీళ్లు బాగున్నాయి కదా" అనుకుంటాం. బురద బయటపడని చెరువుకు బురద పిట్టలు రావు. మీ కేంద్రంలో పిల్లలకు ఒక్కటే పాఠం చెప్పే వీలుంటే నేను ఇదే చెప్తాను. ఒడ్డున నెలకో మేకు కొట్టి, నీటి అంచు ఎంత జరిగిందో పిల్లల చేత టేపుతో కొలిపించండి. అంతే. ఖర్చు మేకులది.

నీళ్ల లోపల ఏముందో చూపించడానికి మీ ప్లాన్‌లో అక్వేరియం ఉంది. దాని బదులు ఆరు తెల్ల ప్లాస్టిక్ ట్రేలు, ఆరు చేతి వలలు, భూతద్దాలు కొనండి. గట్టినేల ఉన్న చోట చూసి, జమ్ము పక్కన వల ఒకసారి లాగి, ఆ బురద నీళ్లు ట్రేలో పోసి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే చాలు. పోయిన చలికాలం పటాన్‌చెరు వైపు ఒక ప్రభుత్వ బడి ఏడో తరగతి పిల్లలతో ఇదే చేశాం. మొదట అంతా చెత్తే కనిపించింది. ఒక పాప "ఇందులో ఏం లేదు సార్" అంది. తర్వాత ఒక ఆకు ముక్క నడిచింది. ఆకు కాదు, తూనీగ పిల్ల. గోధుమరంగు, ఆరు కాళ్లు, కడుపు కొంచెం లావుగా. వెనక నుంచి నీళ్లు చిమ్మి ముందుకు దూకింది. దాని ముందుకు దోమ పిల్ల ఒకటి ఈదుకుంటూ వచ్చింది. తూనీగ పిల్ల కింది పెదవి చెయ్యిలా మడతపెట్టి దాచుకుని ఉంటుంది, అది ఒక్కసారి బయటకు చాచి దోమ పిల్లను లాక్కుంది. పదిమంది పిల్లలు ఒక్కసారే అరిచారు. ఆ పాప తర్వాత అరగంట ట్రే దగ్గరి నుంచి లేవలేదు. దోమలకు మందు కొట్టే మునిసిపాలిటీ గురించి, తూనీగల గురించి, తూనీగ పిల్లకు ఎండిపోని నీళ్లెందుకు కావాలన్నదాని గురించి ఆ పూట నేను చెప్పింది తక్కువ, వాళ్లు అడిగింది ఎక్కువ.

అదే ట్రేను మురుగు కలిసే మూల నుంచి తీసిన నీళ్లతో నింపండి. నెత్తురు రంగులో, దారప్పోగులా ఉండే పురుగులు తప్ప ఇంకేమీ ఉండదు. దోమలా కనిపించే, కుట్టని పురుగుల పిల్లలవి. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే వాటి ఒంట్లోనూ ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ బాగా తక్కువ ఉన్న నీళ్లలోనూ బతుకుతాయి. రెండు ట్రేలు పక్కపక్కన పెడితే కాలుష్యం అంటే ఏమిటో బోర్డు మీద రాయక్కర్లేదు. ఆ మూల నీళ్లు తీసేది మాత్రం మీ మనుషులు, గ్లౌజులు వేసుకుని. పిల్లలు కళ్లతో చూస్తే చాలు, చేయి పెట్టనివ్వొద్దు. నీరు ఎంత మసకగా ఉందో కొలవడానికి ఒక చిన్న స్టీలు పళ్లేన్ని నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులు వేసి, మధ్యలో బరువు కట్టి తాడుతో దింపండి. కనపడకుండా పోయిన లోతు రాసుకోవడమే.

ఇప్పుడు ఊరివాళ్ల సంగతి. ప్రతి పాత చెరువుకూ నీరటి కుటుంబం ఒకటి ఉంటుంది. తూము తెరవడం, మూయడం, మడులకు నీళ్లు పంచడం వాళ్ల పని. ఇప్పుడు ఆయకట్టు ప్లాట్లయిపోయిన చోట కూడా ముసలివాళ్లెవరో మిగిలి ఉంటారు. నేను పనిచేసిన చెరువు దగ్గర ఒక నీరటి తాత ఉండేవాడు. పిల్లల్ని తూము దగ్గర కూర్చోబెట్టి "మత్తడి దుంకినంక మూడొద్దులకు ఎర్రమట్టి నీళ్లు తేటవడ్తయి, గప్పుడు చేప ఎదురెక్కుతది, మేం బుట్టలు పెడ్తుంటిమి" అని చెప్పేవాడు. ఏ పుస్తకంలోనూ నాకు ఆ మాట దొరకలేదు. అలాంటివాళ్లను వాచ్‌మన్ ఉద్యోగంలో పెట్టి ఊరుకోకండి, పంతులు ఉద్యోగం ఇవ్వండి, పూటకు ఇంత అని గౌరవంగా డబ్బివ్వండి.

చేపలు పట్టే సంఘం వాళ్లు కూడా అంతే. రక్షిత ప్రాంతం అనగానే వాళ్లను దొంగల్లా చూడటం మొదలవుతుంది. కొర్రమీను మన రాష్ట్ర చేప. దాని పిల్లలు ఎర్రటి గుంపుగా నీటిపైన తిరుగుతుంటే కింద తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. ఆ గుంపును దూరం నుంచి గుర్తుపట్టి చూపించగలిగింది నాకు తెలిసినంతలో మత్స్యకారులే. జీవవైవిధ్య కమిటీని మొదటి రోజే పిలవమన్నది ఇందుకే. ఎవరు ఎప్పుడు వల వేస్తారు, ఏ మూల వేయరు, బతుకమ్మ ఏ ఘాట్ దగ్గర, కట్టమైసమ్మ బోనాలు ఎప్పుడు, వినాయక నిమజ్జనం ఎక్కడ చేస్తారు, ఇవన్నీ వాళ్లతో కూర్చుని ముందే మాట్లాడుకోకపోతే మీ కేంద్రం ఊరికి పరాయిదవుతుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీద గూళ్లు పెడుతున్నాయంటే అవి వస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. నేలపట్టు పక్షుల అభయారణ్యం దగ్గర పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు అని రైతులు ఎప్పటినుంచో అనుకుంటూ వచ్చారు. అక్కడి పక్షులను కంచెల కంటే ముందు కాపాడింది ఆ మాటలే.

బోర్డుల గురించి కొంచెమే చెప్తాను. ఫ్లెక్సీ వద్దు, ఏడాదిలో ఎండకు వెలిసిపోతుంది. తెలుగు ముందు, ఉర్దూ, ఇంగ్లిష్ తర్వాత. ఒక బోర్డుకు యాభై మాటలు మించొద్దు. పక్షుల పేర్లు వికీపీడియాలోంచి ఎత్తకండి, ఆ ఊళ్లో ఏమంటారో అడిగి రాయండి. బొల్లికోడి, జెముడుకాకి అని రాస్తే ఊరి పిల్లాడు పట్నం పిల్లాడికి తానే చెప్తాడు. పాతకాలం సంగతి ఒక్క బోర్డు పెట్టాలనిపిస్తే, 1931–32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిన విషయం పెట్టండి. మన జిల్లాల్లో ఏ పక్షి ఉండేదో అప్పటి రికార్డు ఉందని తెలిస్తే, ఇప్పుడు తాము రాసుకునే లెక్క కూడా ఎప్పటికో పనికొస్తుందని పిల్లలకు అర్థమవుతుంది. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో మీ చెరువును చేర్చండి.

భవనం అసలే వద్దనడం లేదు. బఫర్‌కు బయట, రోడ్డు వైపు, ఒకే అంతస్తు. నలభై మంది కింద కూర్చునే వరండా ఒకటి, చుట్టూ గోడలు లేకుండా. ట్రేలు, వలలు, బైనాక్యులర్లు పెట్టుకునే గది ఒకటి. ఆడపిల్లలకు, మగపిల్లలకు విడివిడిగా మరుగుదొడ్లు, నీళ్లు ఆగకుండా వచ్చేలా. ఈ మరుగుదొడ్లే మీ కేంద్రం మొత్తంలో ఖరీదైన, జాగ్రత్తగా చేయాల్సిన పని. ఎనిమిదో తరగతి ఆడపిల్లలతో వచ్చిన టీచరమ్మ మొదట అడిగేది పక్షులెక్కడున్నాయని కాదు. సెప్టిక్ ట్యాంకు చెరువు వాలు వైపు ఉండకూడదు, కుదిరితే బయోడైజెస్టర్ (సూక్ష్మజీవులతో మలాన్ని కుళ్లబెట్టే ట్యాంకు) పెట్టండి. బస్సు తిరిగే చోటు, తాగునీళ్లు, నీడ చూసుకోండి. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడుగు ఉండాలి.

బోటింగు, మ్యూజికల్ ఫౌంటెను, కట్ట పొడుగునా లైట్లు, సెల్ఫీ పాయింటు పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. ఒప్పుకోవద్దు. ముఖ్యంగా లైట్లు. రాత్రి చెట్ల మీద వాలే కొంగలకు, నీటికాకులకు చీకటి కావాలి. తూనీగ పిల్ల నీళ్లలోంచి బయటకొచ్చి రెక్కలు విప్పుకునేది కూడా ఎక్కువగా చీకట్లోనే. సాయంత్రం ఆరు తర్వాత మీ కేంద్రంలో వెలగాల్సింది వాచ్‌మన్ గది బల్బు ఒక్కటే, దానికి కూడా పైన మూత ఉండాలి, వెలుతురు నేల మీదే పడాలి.

బడుల సంగతికి వస్తే, ఏడాదికి వంద బడుల్ని ఒక్కోసారి తెచ్చే ప్లాన్ వేసుకోకండి. చుట్టుపక్కల పది కిలోమీటర్లలో పన్నెండు బడులు ఎంచుకుని, అవే తరగతుల్ని ఏడాదిలో మూడుసార్లు తీసుకురండి: ఆగస్టులో నీళ్లు వచ్చేటప్పుడు, డిసెంబర్‌లో వలస పక్షులు ఉన్నప్పుడు, ఫిబ్రవరి ఆఖర్లో బురద బయటపడ్డప్పుడు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఆ తర్వాత ఎవరూ రారు. ఒక్కసారి వచ్చిన పిల్లలకు అది పిక్నిక్. మూడోసారి వచ్చిన పిల్లాడు "నీళ్లు ఆ రాయి దగ్గర ఉండె కదా సార్, ఎటు పోయినయ్?" అని తనంతట తానే అడుగుతాడు. చాలా ప్రభుత్వ బడుల్లో ఎకో క్లబ్బు, దానికో టీచరు ఉంటారు. హెడ్మాస్టరును కలిశాక నేరుగా ఆ టీచరు దగ్గరికి వెళ్లండి. పిల్లలు రాకముందు టీచర్లను ఒక పూట విడిగా తీసుకొచ్చి, పిల్లలు చేసే పనులన్నీ వాళ్లచేత చేయించండి.

ఒక బస్సు నలభై మంది. నాలుగు గుంపులు. ఒకటి మాటులో, ఒకటి ట్రేల దగ్గర, ఒకటి తూము దగ్గర తాతతో, ఒకటి వరండాలో బొమ్మలు వేస్తూ. నలభై నిమిషాలకు మారాలి. ప్రభుత్వ బడి పిల్లలు బయటికొస్తే ఆ పూట మధ్యాహ్న భోజనం పోతుందన్న సంగతి చాలామంది నిర్వాహకులకు గుర్తుండదు. బడితో ముందే మాట్లాడి అన్నం ఇక్కడికే తెప్పించండి, లేదంటే ఊరి మహిళా సంఘానికి వంట అప్పగించి డబ్బు మీరు కట్టండి. చెట్ల మీద తేనెపట్లు ఎక్కడున్నాయో ఆ రోజు పొద్దున చూసుకోండి. నీటి దగ్గర లైఫ్ జాకెట్లు, తాడు కట్టిన ట్యూబు చేతికందేలా పెట్టండి.

డబ్బు విషయం. కంపెనీలు శంకుస్థాపన రాయి కోరుకుంటాయి, జీతాలకు ఇవ్వడానికి వెనకాడతాయి. కానీ సీఎస్‌ఆర్ నిబంధనల్లో "కొనసాగే ప్రాజెక్టు" అనే వీలుంది. మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ల దాకా ఖర్చు చూపించొచ్చు. మీ ప్రతిపాదనను ఆ కింద రాయించి, అందులో ఒక విద్యా సమన్వయకర్త, ఊరి నుంచే ఇద్దరు గైడ్లు, కరెంటు, మరమ్మతు, బస్సుల అద్దె స్పష్టంగా పెట్టండి. గైడ్లుగా ఊరి అమ్మాయిలు ఉంటే ఆడపిల్లల్ని పంపడానికి తల్లిదండ్రులు వెనకాడరు. నాలుగో ఏడు నుంచి ఎవరు నడుపుతారో, అడవి శాఖా, జీవవైవిధ్య మండలా, మునిసిపాలిటీయా, దాన్ని మొదటి ఒప్పందంలోనే సంతకాలతో రాయించుకోండి. నా తాళం కథ మొత్తం ఆ ఒక్క పేజీ లేకపోవడం వల్లే.

ఆఖరుగా బైనాక్యులర్లు. పన్నెండు చాలు, ఒక గుంపు పదిమందే కాబట్టి. 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) తీసుకోండి. 10 రెట్లవి పిల్లల చేతుల్లో వణుకుతాయి, ఏమీ నిలవదు. చిన్న తరగతుల కోసం వాటిలో నాలుగు 8×30 తేలికవి ఉంచండి. స్టాండుతో టెలిస్కోపు ఒకటి, 20–60 జూమ్‌ది. బైనాక్యులర్ ఇవ్వకముందు అట్ట గొట్టం ఇచ్చి, కళ్లు పక్షి మీదే ఉంచి గొట్టం కంటికి తేవడం నేర్పండి. అది వచ్చిన పిల్లలకు అద్దాల్లోనూ పక్షి దొరుకుతుంది. వానాకాలంలో వాటిని మూత బిగుతుగా ఉన్న డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెట్టండి, లేకుంటే రెండేళ్లకే అద్దాల లోపల ఫంగస్ పడుతుంది.

మీ చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు, ఆ ఎకరం హద్దులు, ఉత్తర దిక్కు గుర్తుతో ఇక్కడ పెట్టండి. మాటు ఎక్కడ వస్తే ఎండ సరిపోతుందో గీత గీసి చెప్తాను.